కోడిపెట్టలు చెప్పిన సాక్ష్యము

జంతువులతో జరిగిన వింత ప్రయోగములను, వింత కల్పనలను గూర్చి ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి ఇవ్వవలసినదని సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు, వారు పొరపాటున మా ఇంటికి వచ్చిరేమో అనుకొంటిమి. మేము శాస్త్రజ్ఞులము కాము. పురసవాక్కమున పుట్టి పెరిగి, ఆ వీధులలోనే జమాఖర్చులు వ్రాసి ముసలివారమైనాము. అయినను వారు పట్టు విడువలేదు. "మీరు చదివినవే రాయండి, కాస్త వినోదంగా ఉంటే చాలు" అనిరి.

వినోదమునకేమి కొదువ? ఇటలీ దేశమున గాల్వానీ పండితుడు చచ్చిన కప్ప కాలిని రెండు లోహములతో తాకి, అది తటాలున తన్నుకొనుట చూచి, ప్రాణమే విద్యుత్తని భ్రమించెను. ఆ భ్రమను ఖండింపబోయిన వోల్టా చేతిలో విద్యుద్ఘటము పుట్టెను. రష్యాలో పావ్లోవు కుక్కల చొంగను చుక్కలుగా కొలిచెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో స్కిన్నరు అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పావురములకు తర్ఫీదు ఇచ్చి, వానిని బాంబు ముక్కులో కూర్చుండబెట్టి, తెరపై గురి కనబడినచోట ముక్కుతో పొడిపించి, ఆ పొడుపులతో బాంబును నడిపింపవలెనని ఒక యంత్రము కల్పించెను. అధికారులకు నమ్మకము చిక్కక ఆ పని ఆగిపోయెను గాని, పావురములు తమ పనిలో లోపము చేయలేదు. 1957 నవంబరులో సోవియట్టువారు లైకా అను వీధికుక్కను ఆకాశమునకు పంపిరి. తిరిగి దింపు ఉపాయము లేదని యెరిగియే పంపిరి.

మన తెలుగునేలకును ఈ చరిత్రలో చోటున్నది. 1888, 1889 సంవత్సరములలో నిజాము ప్రభుత్వపు ధనముతో హైదరాబాదున క్లోరోఫారము కమిషన్లు కూర్చుండి, ఆ మత్తుమందు ముందుగా ఆపునది గుండెనా ఊపిరినా అని తేల్చుటకు కుక్కలను, కోతులను బలిపెట్టినవి. 1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డు రాసు ఒక దోమ కడుపు కోసి అందు మలేరియా బీజమును చూచెను.

ఇట్లు వ్రాయుచు పోయినచో సంచిక నిండును. కాని ఇవన్నియు పుస్తకములలోని కథలు, ఎవరైనను వ్రాయగలరు. మా ఇంటిని తాకిన ప్రయోగము ఒకటే కలదు. అది జరిగినది జావాద్వీపమున, కోళ్లతో. దాని సంగతి మా ఇంటివారు వినినది పురసవాక్కమున, 1953వ సంవత్సరమున, ఆవును కట్టు రాటయొద్ద. దానినే వ్రాయుచున్నాము. వినోదము తక్కువైనచో కార్యదర్శిగారు మన్నింతురుగాక.

మా ఇల్లు పురసవాక్కము హైరోడ్డునుండి చీలిన ఒక సందులో, గంగాధీశ్వరాలయపు గంట వినవచ్చునంత దూరమున నుండెను. ముందు రెండు గదులు, నడుమ చిన్న హజారము, వెనుక పెరడు, పెరటిలో ఒక ఆవు. పెరటి గోడకు ఆవలి ప్రక్క ఒక మొదలియారుగారి కాపురము. మాకప్పుడు పదియేండ్లు. మదరాసు ఆంధ్రులదా, తమిళులదా అను వాదము ఆ యేడు వీధి అరుగులమీద, సెలూనులలో, ట్రాముబండ్లు ఆ ఏటనే నిలిచిపోయినందున బస్సుల కొరకు కాచుకొన్నచోట, ఎక్కడ చూచినను వినబడుచుండెను. మా నాన్నగారును, మొదలియారుగారును ఆ విషయమున కొన్ని నెలలు మాటలాడుకొనలేదు. ఆడవారు మాత్రము గోడమీదుగా కరివేపాకు ఇచ్చిపుచ్చుకొనుట మానలేదు.

గోడమీదుగా సాగిన వ్యవహారములలో పెద్దది బియ్యపు మార్పిడి. రేషను కాలమున దుకాణములో ఏ బియ్యమిత్తురో ఆ బియ్యమే తినవలెను. ఉప్పుడుబియ్యము వచ్చిన వారము మా నాయనమ్మకు కోపము వచ్చుచుండెను. ఆమె కృష్ణా డెల్టాలో తెనాలి ప్రాంతపు పల్లెనుండి వచ్చినది. ఆ వాసన ఆమె ముక్కునకు పడదు. అంతేగాక, ఒకసారి ఉడికిన వడ్లనుండి వచ్చిన బియ్యమును మరల ఉడికించి దేవునికెట్లు నివేదింతుమని ఆమె వాదము. అప్పుడు గోడ ఆవలినుండి మొదలియారుగారి ఇల్లాలు, "పెరియమ్మా, పుళుంగలరిసి మీకొద్దంటే మాకియ్యండి, మాకొచ్చిన పచ్చరిసి మీకిస్తాను" అనెడిది. శేరుకు శేరు, తలకొట్టి కొలిచి మార్చుకొనెడివారు. ఇరువురును తామే గెలిచితిమనుకొనెడివారు. 1952 జూనులో రాజాజీగారు ఆహారపు కంట్రోళ్లు ఎత్తివేసిన పిదప ఆ మార్పిడితో పని లేకపోయెను. ఎవరి బియ్యము వారే కొనుక్కొనుచుండిరి.

ఈ రెండు బియ్యముల భేదము మన పిల్లలకు తెలియకపోవచ్చును గనుక చెప్పెదము. వడ్లను ఎండబెట్టి నేరుగా దంచిన, లేక మరలో ఆడించిన, వచ్చునది పచ్చిబియ్యము. వడ్లను నీట నానబెట్టి, ఆవిరిమీద ఉడికించి, మరల ఎండబెట్టి ఆడించిన వచ్చునది ఉప్పుడుబియ్యము. మొదటిది తెల్లనిది, రెండవది కొంచెము పసుపువన్నెది. మన సర్కారు జిల్లాలవారు మొదటిదానిని, తమిళులలో అధికభాగము రెండవదానిని తినుట తరతరములుగా వచ్చినది.

నాయనమ్మ అన్నము వండించు తీరు ఒక వ్రతమువంటిది. మర పట్టిన సన్నబియ్యమును నీరు తేటపడువరకు మూడుమార్లు, నాలుగుమార్లు కడుగవలెను. నిండు ఎసరులో ఉడికించి, గంజి వార్చి, అన్నము మల్లెమొగ్గలవలె విడివిడిగా దింపవలెను. కడుగునీరు కుడితితొట్టిలోనికి, గంజి కుడితితొట్టిలోనికి. వీనికి తోడు అంగడిలో తవుడు, తెలకపిండి కొని తెచ్చి అదే తొట్టిలో కలిపెడివారు. అత్తెసరు పెట్టుట, అనగా సరిపడు నీరు మాత్రమే పోసి వార్చకుండ ఇగిర్చుట, ఆమె దృష్టిలో ఒళ్లు వంగని ఇల్లాండ్ర పని.

ఆ యేడు మా ముందరి గదిలో ఒక విద్యార్థి అద్దెకుండెను. గుంటూరు జిల్లా కుర్రవాడు. వేపేరి పశువైద్య కళాశాలలో చదువుచుండెను. ఆ కళాశాల 1903లో డాబిన్ హాలు అను చిన్న భవనమున మొదలైనది. మా ఇంటినుండి నడచి పోవచ్చును. సర్కారు జిల్లాలలో పశువైద్య కళాశాల ఇంకను లేని రోజులవి. పశువైద్యము చదువగోరిన తెలుగు కుర్రవారు వేపేరికి వచ్చుచుండిరి. సాయంకాలము మా ఆవును తట్టిచూచుట, దాని పండ్లు లెక్కించుట అతనికి కాలక్షేపము. ఒకనాడు నాయనమ్మ కుడితి కలుపుచుండగా అతడు నవ్వి, "మామ్మగారూ, ఈ ఇంట్లో అందరికంటె బలమైన తిండి తింటున్నది మీ ఆవేనండీ. బియ్యంలో ఉన్న సారమంతా దానికి పోసి, పిప్పి మీరు తింటున్నారు" అనెను.

నాయనమ్మకు అది పరిహాసముగా తోచలేదు. "పిప్పేమిటి నాయనా, మల్లెపూవులాంటి అన్నాన్ని పట్టుకుని?" అని గద్దించెను. అప్పుడతడు చెప్పినది కోళ్ల కథ.

జావాలో హాలెండువారి సైనికులు, ఖైదీలు బెరిబెరి అను వ్యాధితో కుప్పలుగా పడిపోవుచుండిరి. కాళ్లు మొద్దుబారును, నడక తూలును, కొందరికి ఒళ్లు ఉబ్బి గుండె ఆగును. సూక్ష్మజీవులవలన రోగములు వచ్చునని అప్పుడప్పుడే తెలిసిన కాలమగుటచే, దీనికిని ఒక సూక్ష్మజీవి యుండునని వైద్యులు వెదకుచుండిరి. వారిలో ఐక్‌మాన్ అను సైనిక వైద్యుడు బటేవియాలోని ఆసుపత్రి ప్రయోగశాలలో కోళ్లను పెంచి, వానికి రోగుల రక్తమును ఎక్కించి చూచుచుండెను. 1889లో ఒక వింత జరిగెను. రక్తము ఎక్కించిన కోళ్లును, ఎక్కించని కోళ్లును కలిసియే జబ్బుపడినవి. తప్పటడుగులు వేసి, కూలబడి, మెడలు వెనుకకు వంగి, ఊపిరాడక చచ్చుచుండెను. రోగము అంటుకొన్నదని వైద్యుడు సంతోషించునంతలో, నవంబరు చివర మిగిలిన కోళ్లు ఏ మందు లేకుండనే లేచి తిరుగసాగెను.

ఇది యేమని ఆరా తీయగా వంటశాల సంగతి బయటపడెను. కోళ్ల కాపరి పొదుపు కొరకు ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నము తెచ్చి కోళ్లకు వేయుచుండెను. జూను నెలలో ఆ యేర్పాటు మొదలైనది. జూలైలో జబ్బు మొదలైనది. నవంబరులో పాత వంటవాడు పోయి క్రొత్తవాడు వచ్చెను. మిలిటరీ బియ్యమును సివిలు కోళ్లకు పెట్టనని అతడు నిరాకరించెను. కాపరి చేయునది లేక పొట్టుతో కూడిన ముతకబియ్యము కొని వేసెను, కోళ్లు బాగుపడెను. ఒక వంటవాని చట్టబద్ధమైన పిసినితనము చేసిన మేలు ఇంతింత కాదు! ఆ వైద్యుడు పిదప పట్టుదలతో కోళ్లను తెల్లబియ్యముతో జబ్బు పరచి, తవుడుతో బాగుచేసి, పలుమార్లు చూచెను. 1929లో అతనికి నోబెల్ బహుమానము వచ్చెను.

కుర్రవాడు ఈ కథను కోడివలె తూలి నటించి మరీ చెప్పెను. మేము పడిపడి నవ్వితిమి. నాయనమ్మ నవ్వలేదు. కుడితి చేయి కడుగుకొని, "ఆ కోళ్లకి గొంతు పోయిందా?" అని మాత్రము అడిగెను. అతనికి తెలియలేదు. ఆమె లోపలికి పోయెను. ఆ రాత్రి ఆమె భోజనము చేయలేదని మా అమ్మ చెప్పగా తరువాత వింటిమి.

ఆమె ప్రశ్నకు కారణము మా ఇంట పెద్దలకు మాత్రమే తెలియును. మాకు అది తెలిసినది చాల యేండ్ల పిదప, అమ్మ నోట. మా నాన్నగారికి ముందు నాయనమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టిరి. ఇరువురును బొద్దుగా పుట్టి, మూడవ నెలలో పోయిరి. ఇరువురి జబ్బును ఒకటే తీరు. బిడ్డ పాలు మానును, వాంతి చేసికొనును, ముఖము నీలివారును. ఏడ్చుటకు నోరు తెరచును. పెదవులు వణకును, కన్నీరు కారును. శబ్దము మాత్రము రాదు. ఒకటి రెండు దినములలో అయిపోవును. రెండవ బిడ్డ అట్లే పోయినప్పుడు, ఇంటిపెద్దలు బాలగ్రహమనిరి, దృష్టిదోషమనిరి. కడకు ఆమె అత్తగారు ఈ కోడలి పాలు విషమని తేల్చిరి. మూడవ కాన్పున మా నాన్నగారు పుట్టిన దినముననే బిడ్డను ఆమె ప్రక్కనుండి తీసి, కారము, అటుకులు దంచుటకు వచ్చు ఒక కూలి స్త్రీకి ఇచ్చి, ఆమె పాలతో పెంచిరి. బిడ్డ బ్రతికెను. ఆ బ్రతుకే నాయనమ్మ పాలు విషమనుటకు రుజువైనది. ఎవరును పిదప ఆ మాట ఎత్తలేదు. ఎత్తవలసిన పని లేకపోయెను.

బాలింతకు ఆ ఇంట పెట్టిన పథ్యమును అమ్మ వర్ణించి చెప్పినది. పప్పు వాతము, కూర చలవ, అని అన్నియు మాన్పించి, మర పట్టిన పాతబియ్యమును బాగుగా కడిగి వార్చిన అన్నము, దానిలో కారపుపొడి, నేయి. డెల్టాలో బియ్యపు మరలు క్రొత్తగా వచ్చిన రోజులు; కలిగిన ఇండ్లవారు మరబియ్యమే తినుట గౌరవమనుకొనుచుండిరి. దంపుళ్లకు వచ్చు ఆ స్త్రీకి ఆ గౌరవము లేదు. ఆమె ఇంట తినునది తాను దంచుకొన్న ముడిబియ్యపు నూకలు, జొన్నకూడు.

మరునాటి సాయంకాలము నాయనమ్మ ఆ కుర్రవానిని పెరటిలోనికి పిలిచెను. మేము ఆవు చాటున గోళీలాడుచుంటిమి; ఆ మాటలు అప్పుడు చెవిని బడినవి, అర్థము తరువాత తెలిసినది.

"నాయనా, ఆ దొర చివరికేం తేల్చాడు? బియ్యంలో విషముందనా?"

"మొదట అలాగే అనుకున్నాడండీ. తెల్లబియ్యంలో విషం ఉంది, తవుడు దానికి విరుగుడు అన్నాడు. తరువాత ఆయన చోటికి వచ్చిన ఇంకొక దొర కాదన్నాడు. విషం కాదు, ఉండవలసినది ఒకటి లేకపోవడం అని తేలింది."

"పాలల్లో కూడా అంతేనా?"

అతడు కొంచెము తడబడెను. "మనుషుల వైద్యం నేను చదవలేదు మామ్మగారూ. తల్లి తిన్నదాన్ని బట్టే పాలుంటాయని పశువుల విషయంలో మాకు చెప్పారు."

"అయితే విషం కాదన్నమాట."

"కాదండీ."

కొంతసేపు మాటలు వినబడలేదు. పిదప ఆమె, "బాగుపడ్డ ఆ కోళ్లనేం చేశారు?" అని అడిగెను. "బాగుపడినవాటిని మళ్లీ జబ్బుపరచి చూస్తారండీ, రుజువు కావాలిగా" అని అతడనెను. "పాపం" అని ఆమె లేచి లోపలికి పోయెను.

మేము ఉద్యోగము విరమించిన పిదప ఎగ్మూరులోని కన్నెమెరా గ్రంథాలయములో ఈ కథ తక్కిన భాగమును వెదకి చదివితిమి. కుర్రవాడు చెప్పినది సత్యమే. రెండవ దొర పేరు గ్రైన్స్. 1901లో ఆయన, కోడి నరములకు కావలసిన పదార్థమేదో తవుడులోను, పెసలలోను కలదని, అది లేకపోవుటయే రోగమని వ్రాసెను. పెసరపప్పు బాలింతకు వాతమని మాన్పించిన సంగతి అప్పుడు మాకు తోచి, పుస్తకము కొంతసేపు మూసి కూర్చుంటిమి. కోళ్ల సంగతి మనుష్యులకు వర్తించునా అను సందేహమును తీర్చినవాడు ఫోర్డర్మాన్ అను వైద్యాధికారి. జావాలోని 101 చెరసాలలలో దాదాపు 2,80,000 మంది ఖైదీల తిండిని అతడు విచారించెను. ముడిబియ్యము తిన్నచోట పదివేలమందికి ఒకనికి, తెల్లబియ్యము తిన్నచోట 39 మందికి ఒకనికి బెరిబెరి వచ్చియుండెను. మలయాలో చీనా కూలీలు ఈ వ్యాధితో చచ్చుచుండగా, ప్రక్కనే ఉప్పుడుబియ్యము తిను భారతీయ కూలీలు క్షేమముగా నుండిరి. వడ్లను ఆవిరి పట్టించినప్పుడు తవుడులోని ఆ పదార్థము నీటిలో కరిగి గింజ లోపలికి ఇంకును. పిమ్మట మర పట్టినను, కడిగినను చాలభాగము నిలుచును. పచ్చిబియ్యములో అది పైపొరలోనే యుండును. మరలో కొంత, కడుగులో కొంత, గంజిలో కొంత పోవును. శేరుకు శేరు మార్చుకొన్న ఆ రోజులలో గోడకు ఏ ప్రక్క లాభము పోయినదో మొదలియారుగారి ఇల్లాలికిని తెలియదు.

ఆ పదార్థమును పట్టుటకు పక్షులే త్రాసులైనవి. 1911 ప్రాంతమున లండనులో ఫంక్ పావురములను తెల్లబియ్యముతో జబ్బుపరచి, తవుడు సారముతో లేపి, ఆ సారమునకు విటమిన్ అను పేరు కల్పించెను. మెడ వెనుకకు విరిగి పడియున్న పావురము, సారము నోట పడిన కొద్ది గంటలకు లేచి గింజలు ఏరుకొనునట. 1926లో బటేవియాలోనే జాన్సెన్, డోనాత్ అనువారు మునియాజాతి చిన్నపిట్టలపై పరీక్షించుచు దానిని స్ఫటికములుగా తీసిరి. పిట్ట చిన్నదైనకొలది సారము తక్కువ పట్టును గనుక ఆ జాతిని ఎన్నుకొనిరి.

దాని రసాయన నిర్మాణమును తేల్చి, 1936లో కృత్రిమముగా తయారుచేసినవాడు మాత్రము మనకు పరాయివాడు కాడు. రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ 1886లో మన నెల్లూరున పుట్టెను. బాప్టిస్టు మిషనరీల కుమారుడు. 1910లో మనీలాలో ప్రభుత్వ రసాయనజ్ఞుడుగా నుండగా, వెడ్డరు అను సైనిక వైద్యుడు తవుడు కషాయము నిచ్చి, ఇందు ప్రాణము పోయునది ఏదో తేల్చుమని అడిగెను. బెరిబెరితో చావనున్న పసిబిడ్డ నోట ఆ కషాయపు చుక్కలు పడగా కొద్ది గంటలలో తేరుకొనుట చూచి, విలియమ్స్ ఆ పనిని ఇరువదియారేండ్లు విడువలేదు. అమెరికాలో టెలిఫోను సంస్థవారి ప్రయోగశాలలో పగలు ఉద్యోగము. మిగిలిన వేళ తవుడు. టన్నుల తవుడునుండి కొద్ది గ్రాముల స్ఫటికములు వచ్చుచుండెను. థయమిన్ అను పేరు ఆయన పెట్టినదే. అన్నమే ఆధారముగా బ్రతుకు జనులను నెల్లూరి ప్రాంతమున చిన్ననాట చూచియుండుట ఈ పట్టుదలకు మూలమని మేము తలంతుము.

మన దేశమున ఈ పని జరిగినది నీలగిరులలోని కూనూరున. 1918లో పాశ్చరు సంస్థలోని ఒకే ఒక గదిలో మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి విచారణ ఆరంభించి, పావురములకు బియ్యము పెట్టసాగెను. తరువాత ఆయన చేసిన ఎలుకల ప్రయోగము మరింత విచిత్రము. ఎలుకలను ఏడు గుంపులుగా చేసి, ఒక గుంపునకు సిక్కుల భోజనము, ఒకదానికి పఠానుల భోజనము, తక్కినవానికి మరాఠా, గూర్ఖా, కన్నడ, వంగ, మదరాసు భోజనములు పెట్టి తూచెను. సిక్కు ఎలుక 235 గ్రాములు తూగెను. మదరాసు ఎలుక 155. ఆ మదరాసు అను మాటలో ఆనాడు తెలుగువారమును ఉంటిమి. మదరాసు ఎవరిదని మా నాన్నగారును మొదలియారుగారును మాటలు మానుకొనుటకు చాలముందే, కూనూరు త్రాసులో ఇరువురిని ఒకే పళ్లెములో వేసి, ఇరువురును తక్కువ తూగిరని చెప్పియుండిరి! ఇంగ్లండు పేదల భోజనమని తెల్లరొట్టె, మార్గరీను, చక్కెర వేసిన తేనీరు మొదలగునవి ఇంకొక గుంపునకు పెట్టగా, అవి కొంతకాలమునకు ఒకదానినొకటి చంపి తినసాగెనట. మన ఎలుకలు అంతపని చేయలేదు. ఆ ప్రయోగశాలయే 1950ల చివర హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది.

మెకారిసన్ తరువాత వచ్చిన ఎక్రాయిడ్, తన సహచరులతో 1940లో బియ్యమును గూర్చి ప్రకటించిన గ్రంథమున, బెరిబెరి మన దేశమున ఉత్తర సర్కారులనే ఏల పట్టియున్నదో విచారించెను. మరపచ్చిబియ్యము, పలుమార్లు కడుగుట, గంజి వార్చుట: మా నాయనమ్మ వంట నంతయు వారు చూచి వ్రాసినట్లుండెను. 1941లో ఆయనయు, బి. జి. కృష్ణన్ గారును బెరిబెరి ప్రాంతపు శిశుమరణములను గూర్చి వేరుగా ఒక పత్రమును ప్రకటించిరి. పాలు త్రాగు శిశువుల బెరిబెరి రెండవ నెల మొదలు అయిదవ నెల లోపల వచ్చునని, బిడ్డ ఏడ్పునకు గొంతు లేకపోవుట దాని గుర్తులలో ఒకటియని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. నాయనమ్మ మొదట అడిగిన ప్రశ్న అదియే.

ఆ ఇద్దరు బిడ్డలును ఈ వ్యాధితోనే పోయిరని మేము ప్రమాణము చేయజాలము. వారిని చూచిన వైద్యుడు లేడు; పసిబిడ్డలకు ప్రాణాంతకములైన జబ్బులు ఆ రోజులలో వేయి యుండెను. పాలు విషమన్న మాటకు మాత్రము ఆనాడును ఆధారము లేదు. శాస్త్రజ్ఞులు పుష్కరకాలము కోళ్లను చంపి బ్రతికించిన మీదట విషము కాదు, లేమి అని తెలిసికొనిరి. మా ఇంట ఆ దిద్దుబాటు జరుగుటకు నలువదియేండ్లు పట్టెను. కోళ్లకును పావురములకును జరిగినది న్యాయమా అని ఎవరైనను అడిగినచో మాయొద్ద సమాధానము లేదు. 1950లలో రుక్మిణీదేవీ అరుండేలుగారు రాజ్యసభలో జంతుహింసను గూర్చి పట్టుబట్టగా 1960లో చట్టము వచ్చి, ప్రయోగములకు అదుపు ఏర్పడినది, అది మంచిదే. అయినను ఆ కోళ్లు లేనిచో నాయనమ్మ ఆ మాటను మోసికొనియే పోయియుండెడిది.

ఆ సాయంకాలము గడచిన మరునాడు, అమ్మ పొయ్యిమీద ఎసరు పెట్టబోవుచుండగా నాయనమ్మ వంటింటిలోనికి వచ్చి, "ఒక్క నీళ్లు కడుగు చాలు. అత్తెసరు పెట్టు" అనెను. అమ్మ విన్నది నిజమేనా అని చూచెను. ఉప్పుడుబియ్యమునకు మాత్రము ఆమె చివరివరకు ఒప్పుకొనలేదు. ఆ వాసన ముందు ఏ శాస్త్రమును నిలువలేదు. ఆనాటి అన్నము ముద్దగట్టి, అడుగంటినది. నాన్నగారికి నాయనమ్మ తానే వడ్డించి, తినువరకు ఎదుట కూర్చుండెను. ఆయన ఏమియు అనక, మారు వడ్డించుకొని తినిరి. పెరటిలో ఆవు కుడితితొట్టిలో మూతి ముంచి, గంజి కానక, తల ఎత్తి వంటింటివైపు చూచి అరచెను.